రాళ్ళ దేశంలో ప్రభుదాసూ నేనూ

అర్మేనియా వెళ్ళొచ్చానంటే తాండూరులో మొదట అడిగేది అదెక్కడుందని. రెండోది, అక్కడేముందని. మొదటి ప్రశ్నకు ఫోన్లో పటం తీసి చూపిస్తాను. రెండో దానికి నా దగ్గరున్న జవాబు ఒకటే, రాళ్ళున్నాయి. ఇళ్ళు, చర్చీలు, బస్సుల కోసం కూర్చునే అరుగులు, పొలాల గట్లు, అన్నీ రాళ్ళే. తమ దేశాన్ని వాళ్ళే రాళ్ళ దేశమని ముద్దుగా చెప్పుకుంటారు. నలభై ఏళ్ళు నాపరాళ్ళకు పాలిష్ పట్టించి అమ్ముకున్నవాడివి, అక్కడికి పోయి కూడా రాళ్ళే చూసొచ్చావా అని మా ఇంట్లో నవ్వారు.

నిజానికి నేను రాళ్ళ కోసం వెళ్ళలేదు. ప్రభుదాసును మళ్ళీ నా స్నేహితుణ్ణి చేసుకుందామని వెళ్ళాను.

ప్రభుదాసూ నేనూ ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. పెద్దయ్యాక నేను పాలిష్ యూనిట్ పెడితే ముప్పై ఏళ్ళు అందులో బండలు ఏరిపెట్టింది అతనే. గని నుంచి వచ్చిన బండను వేలి కణుపుతో నాలుగు చోట్ల వాయించేవాడు. మంచి బండ ఖంగుమంటుంది, లోపల నెర్రె ఉన్నది మొద్దుగా పలుకుతుంది. అతను మంచిదన్న బండను ఎవరూ రెండోసారి చూసేవారు కాదు. రెండేళ్ళ కింద మాత్రం అతను మంచివన్న బండలు వికారాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పరిచిన వారానికే వరసగా పగిలిపోయాయి. నాకు తల కొట్టేసినట్టయింది. పనివాళ్ళందరి ముందు "తాగి వచ్చినవా పనికి?" అన్నాను. జన్మలో చుక్క ముట్టని మనిషిని. అతను బండలకు గుర్తు పెట్టే సుద్దముక్క కింద పెట్టి ఇంటికి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు.

తర్వాత పెళ్ళిళ్ళలో కనిపిస్తే బాగున్నవా అంటే బాగున్న, అంతే. వెనక నుంచి పిలిస్తే తిరిగి చూడడు. ఫోన్ చేస్తే వాళ్ళావిడ సుశీల ఎత్తుతుంది. నాకూ పట్టుదల లేకపోలేదు. మాట నేను జారాను సరే, బండలు పగిలింది నిజమే కదా అనుకునేవాణ్ణి. అయితే అరవై రెండేళ్ళ వయసులో సాయంత్రం చాయ్ తాగడానికి పక్కన ఒక మనిషి లేకపోవడం ఎంత బరువో నాకు తెలిసొచ్చింది. అతను లేక నాకు ఏదీ బాగుండడం లేదు.

బంట్వారం దగ్గర ప్రభుదాసు వాళ్ళ ఊరి చర్చిలో చిన్నప్పుడు నోవహు ఓడ కథ విన్నాడట. ఆ ఓడ ఆగిన అరారాతు కొండను ఒక్కసారి చూడాలని బడిలో నాతో పదిసార్లు అనుంటాడు. ఆ కొండ అర్మేనియా నుంచి కనబడుతుందని తెలిశాక రెండు టికెట్లు కొని వాళ్ళింటికి వెళ్ళాను. అతను టికెట్ వంక, నా ముఖం వంక చాలాసేపు చూసి సరేనని తలూపాడు. బయల్దేరేటప్పుడు సుశీల నన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, రోడ్డు దాటేటప్పుడు జర చెయ్యి పట్టుకో. ఈయనకు సోయి తక్కువైంది గీ మధ్య" అంది.

భార్యలందరూ అనే మాటే అనుకున్నాను.

యెరెవాన్‌లో ఒకే దుప్పటి

తెల్లవారుతుండగా ఆ దేశపు రాజధానిలో దిగాం. నిద్ర లేని కళ్ళతో చూసినందుకో ఏమో, ఆ ఊరు నాకు ఊరులా కనిపించలేదు. మేడలన్నీ లేత గులాబీ రంగు. సున్నం కాదు, రంగు కాదు, రాయే ఆ రంగు. ఒకప్పుడు అగ్నిపర్వతాలు కక్కిన బూడిద గట్టిపడి రాయయిందట. ఎండ పెరిగేకొద్దీ గోడలు గులాబీ నుంచి పసుపుకు, పసుపు నుంచి ఇటుక రంగుకు మారుతుంటే, పెట్టె చేతిలో పట్టుకుని రోడ్డు మధ్యలో అలాగే నిలబడిపోయాను. ప్రభుదాసు ఒక గోడ మీద చెయ్యి ఆనించి, "తేలికగుంటది గీ రాయి" అన్నాడు. విమానం ఎక్కినప్పటి నుంచి అతను తనంతట తాను అన్న మొదటి మాట అది.

మేం దిగింది అనహిత్ అనే ఆవిడ ఇంట్లో, పై అంతస్తు గది. రోజుకు తొమ్మిది వేల డ్రామ్‌లు, మన రెండు వేల రూపాయలకు కొంచెం తక్కువ. గదిలో మంచం ఒకటి, దుప్పటి ఒకటి. మే నెల కదా చలేముంటుందని తాండూరు ఎండల లెక్కన వెళ్ళాం. రాతి ఇల్లు చల్లగా మంచులా ఉంది. ప్రభుదాసు పడుకోగానే దుప్పటిని తన చుట్టూ చుట్టేసుకున్నాడు. "ప్రభూ, జర ఇటు ఇయ్యి" అని ఎంత బతిమాలినా ఉలకడు పలకడు. తెల్లారి అనహిత్ కాఫీ తెచ్చేసరికి నేను తువ్వాల కప్పుకుని, దాని మీద కిటికీ పరదా పరుచుకుని ఉన్నాను. ఆవిడ పరదా లేని కిటికీని చూసి, నన్ను చూసి, వెళ్ళి ఇంకో దుప్పటి తెచ్చింది. ప్రభుదాసుకు నా మీద కోపం ఇంకా చల్లారలేదని నాకు నిశ్చయమైంది.

ఆ పొద్దున్నే ఇంకో ఘనకార్యం చేశాను. బల్ల మీద జున్నులాంటి ఛీజు, అక్రోట్లు, కొత్తిమీర కట్టలు, ఉప్పు వేసిన మజ్జిగ పెట్టారు. ఆ మజ్జిగ అచ్చం మనదే, తాన్ అంటారు. పక్కన బుట్టలో పల్చటి తెల్లగుడ్డలు మడిచి పెట్టి ఉన్నాయి. చేతులు కడుక్కొచ్చి ఒకటి తీసి శుభ్రంగా తుడుచుకున్నాను. అనహిత్ చేతిలో కెటిల్ గాల్లోనే ఆగింది. ఆవిడ ముఖం చూడగానే ప్రభుదాసుకు సంగతి అర్థమైంది. నా చేతిలోది లాక్కుని, సగానికి చింపి, ఛీజు ముక్క చుట్టి నోట్లో పెట్టుకున్నాడు. అది లవాష్, వాళ్ళ రొట్టె. ఆవిడ నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. ప్రభుదాసూ నవ్వాడు. రెండేళ్ళ తర్వాత ఆ నవ్వు చూశాను. ఏమీ తినకముందే కడుపు నిండినట్టయింది.

అనహిత్ తమ్ముడి ఇంట్లో ఆ రొట్టెలు కాల్చడం చూశాం. నేలలో మట్టి గొయ్యి, లోపల నిప్పులు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఒకరు పిండి ఒత్తి, ఒకరు గాల్లో అటూ ఇటూ ఊపి సాగదీసి, ఒకరు దిండు లాంటి దాని మీద పరిచి గోతి గోడకు చరుస్తారు. అర నిమిషంలో రొట్టె. మా అమ్మ జొన్నరొట్టె కొడుతుంటే వంటింట్లోంచి వచ్చే చప్పుడు గుర్తొచ్చింది. నేను ఫోన్లో మాటలు తర్జుమా చేసుకుంటూ ఒక్కో ప్రశ్న అడిగేలోపు, ప్రభుదాసు వాళ్ళ మధ్య కూర్చుని పిండి ఊపుతున్నాడు. వాళ్ళు చేతులతో ఏదో చెబితే చేతులతోనే జవాబు. ఆ దేశంలో అతనికి భాష ముందే వచ్చినట్టుంది. నాకే రాలేదు.

సాయంత్రం రోడ్డు దాటుతుంటే ఒక కారు అతని మోకాలికి జానెడు దూరంలో కీచుమని ఆగింది. డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. ప్రభుదాసు తన మానాన తను నడిచి వెళ్ళిపోయాడు. ఇంత లెక్కలేనితనం ఎప్పుడొచ్చింది ఇతనికి అని విసుక్కున్నాను.

ఖోర్ విరాప్ గొయ్యి

మూడో రోజు అరారాతు ఎదురుగా ఉండే మఠానికి వెళ్ళాం. కొండ లేదు. అంత పెద్ద కొండ ఉండాల్సిన చోట తెల్లగా మబ్బు. ప్రభుదాసు పిట్టగోడ మీద కూర్చుని ఆ తెలుపు వంకే చూస్తున్నాడు. టికెట్ కొన్నది నేను కాబట్టి మబ్బు కూడా నా తప్పే అనిపించింది.

ఎదురుచూస్తూ ఊరికే ఉండడమెందుకని మఠంలో గొయ్యి చూద్దామన్నాను. పూర్వం ఒక భక్తుణ్ణి రాజు ఏళ్ళ తరబడి అందులో పడేసి ఉంచాడట. ఇరుకు సందులోంచి నిట్టనిలువు ఇనుప నిచ్చెన దిగాలి. దిగడం బాగానే దిగాను. ఎక్కేటప్పుడు నా పొట్ట ఆ సందులో బిగుసుకుపోయింది. పైనుంచి ఎవరో ఫ్రెంచి ఆయన చేతులు పట్టి లాగుతున్నాడు, కింద నుంచి ప్రభుదాసు కాళ్ళు పట్టి తోస్తున్నాడు. రాయి ఒరుసుకుని చర్మం లేస్తోంది. "ఆగు ప్రభూ, ఆగురా, తోయకు" అని అరిచాను. అతను ఇంకా గట్టిగా తోశాడు. ఎంత అరిస్తే అంత తోశాడు. రెండేళ్ళ కసి ఇలా తీర్చుకుంటున్నాడని నిజంగానే అనుకున్నాను. చివరికి చొక్కా గుండీలు రెండు ఆ భక్తుడి గోతికి సమర్పించి పైకొచ్చి పడ్డాను.

పొట్ట పట్టుకుని బయటికి వచ్చేసరికి మబ్బు పోయింది. కొండ వచ్చి నిలబడి ఉంది.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. కింది భాగం పొగమంచులో కలిసిపోయి, పైన మంచు శిఖరం ఒక్కటే నేలతో సంబంధం లేకుండా ఆకాశంలో ఉంది. చిన్నప్పుడు మధ్యాహ్నం నిద్రలోంచి లేచినప్పుడు లోకం కాసేపు ఎవరిదో అయినట్టుంటుందే, అలా ఉంది. మా ముందు ద్రాక్షతోటలు, తోటల అవతల ఏరు, ఏటి అవతల వేరే దేశం. అర్మేనియా వాళ్ళ కొండ ఇప్పుడు వాళ్ళది కాదు. ఆ సరిహద్దు మూసే ఉంది. తాండూరు నుంచి కాసేపు బస్సులో కూర్చుంటే కర్ణాటక వస్తుంది, కండక్టరు మాట మారుతుంది, అంతే. ఇక్కడ వీళ్ళు రోజూ కొండను చూస్తారు, దగ్గరికి పోలేరు.

ప్రభుదాసు కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. "గింత పెద్దగుంటదని మా పాస్టర్ సుత చెప్పలే" అన్నాడు. నేను అతని పక్కన కూర్చుని, నన్ను మన్నించమని అనబోయాను. మూడుసార్లు నోరు తెరిచాను. బండలు పగిలాయి కదా అన్న మాట మూడుసార్లూ అడ్డొచ్చింది. ఇద్దరం కొండను చూస్తూ కూర్చున్నాం.

గెఘార్డ్‌లో సమాధి తట్టాను

కొండను తొలిచి కట్టిన చర్చి అది. లోపల చీకటి, పైన ఒకే ఒక రంధ్రంలోంచి వెలుతురు స్తంభంలా దిగుతోంది. ఆ వెలుతురులో అయిదుగురు నిలబడి పాట అందుకున్నారు. రాతి గది కావడంతో ఒక గొంతు పదిగా తిరుగుతోంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. ప్రభుదాసు మాత్రం మూసుకోలేదు. పాడేవాళ్ళ గొంతుల వంక కన్నార్పకుండా చూస్తూ, ఒక అరచెయ్యి పక్కనున్న రాతి స్తంభానికి ఆనించి నిలబడ్డాడు. భక్తి అనుకున్నాను.

పాట అయ్యాక నా బుద్ధి కాళ్ళ కింది బండల మీదికి పోయింది. ఎన్ని వందల ఏళ్ళ నుంచి నడుస్తున్నారో, ఒక్కటీ పగలలేదు. గొంతుక్కూర్చుని కణుపుతో వాయించి చూశాను. ఖంగుమంది. రెండోది వాయించాను. వెనక నుంచి నల్ల గుడ్డ తలకు కట్టుకున్న ముసలామె వచ్చి నా చొక్కా పట్టుకుంది. తలుపు తట్టినట్టు చెయ్యి చూపింది. తర్వాత రెండు చేతులూ చెంప కింద పెట్టి నిద్రపోతున్నట్టు చూపింది. నాకు అర్థం కాలేదు. ప్రభుదాసుకు అయింది.

"లోపల మనుషులు పండుకున్నరు మల్లన్నా. గవి సమాధులు. ఎందుకు లేపుతున్నవు అంటున్నది" అన్నాడు.

సిగ్గుతో ఆ ముసలామెకు దండం పెట్టాను. ఆమె నా దండం చూసి మెత్తబడి, సంచిలోంచి ఎండు ఖుబానీలు రెండు తీసి మా ఇద్దరికీ చెరొకటి ఇచ్చింది. మన హైదరాబాద్ విందుల్లో మీఠా చేసే పండే, కానీ ఇక్కడిది మరింత పుల్లన. నోట్లో ఆ పులుపు ఉండగానే నాకొకటి తట్టింది. బండ కనబడితే వాయించకుండా ఉండలేని ప్రభుదాసు ఈ నాలుగు రోజుల్లో ఒక్క బండను వాయించలేదు. నా మీది కోపంతో పనినే అసహ్యించుకున్నాడా అని దిగులేసింది.

ఆర్తిక్‌లో మూడు బండలు

గులాబీ రాయి గనులున్న ఊరు చూడాలని మినీ బస్సులో ఆర్తిక్ వెళ్ళాం. మనిషికి పదిహేను వందల డ్రామ్‌లు, మూడు వందల పైచిలుకు రూపాయలు. ఊరి బయట రాతి పని చేసే కొట్టం కనబడగానే మా తాండూరులో దిగినట్టే అనిపించింది. అదే తెల్లదుమ్ము, అదే తడి రాతి వాసన, అదే కోత మిషన్. వార్తాన్ అనే పెద్దాయన దుమ్ము కొట్టిన కనుబొమలతో బయటికొచ్చాడు. మేమూ రాతివాళ్ళమేనని ఫోన్ చేత చెప్పించాను. ఆయన మా అరచేతులు తిప్పి చూశాడు. నా చేతిని వదిలేసి ప్రభుదాసు చేతిని పట్టుకున్నాడు.

నాకు గర్వం పొంగింది. "ఇతని చెవి లాంటిది మా ఊళ్ళో ఇంకోటి లేదు" అని ఫోన్లో చెప్పాను. ఆయన సంబరంగా మూడు నల్లరాతి పలకలు వరసగా పెట్టి, చిన్న సుత్తి ప్రభుదాసు చేతికిచ్చి, పందెం వేసినట్టు కన్ను గీటి, కాఫీ వంపడానికి అటు తిరిగాడు.

ప్రభుదాసు సుత్తి పట్టుకుని నా ముఖం చూశాడు. చెప్పమన్నట్టు నవ్వాను. అతను ఒక్కో పలకనూ తట్టాడు. మొదటిది మోగింది, మూడోది మోగింది. నడిమిది పగిలిన కుండలా మొద్దుగా పలికింది. అద్దాల గదిలో కూర్చుని బిల్లులు రాసుకున్న నా చెవికే తెలిసిపోయింది. ప్రభుదాసు ఆ నడిమి పలక మీదే చెయ్యి పెట్టి, "గిది మంచిది" అన్నాడు.

వార్తాన్ కప్పులతో ఇటు తిరిగాడు. పలకను చూశాడు, ప్రభుదాసును చూశాడు. నవ్వలేదు. కప్పులు కింద పెట్టి, చెవి పక్క జుట్టు పైకి తోసి, లోపల నుంచి వేలెడు లేని మిషన్ ఒకటి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. కోత మిషన్ వైపు వేలు చూపి, రెండు చెవులూ మూసుకున్నాడు. తర్వాత ప్రభుదాసు వైపు వేలు చూపి, అవునా అన్నట్టు తలూపాడు.

ప్రభుదాసు తల వంచుకున్నాడు. ఆ చిన్న మిషన్‌ను తన చేతిలోకి తీసుకుని పిట్టపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

దుప్పటి, కారు, గొయ్యి, పాట, వెనక నుంచి పిలిస్తే తిరగని రెండేళ్ళు, అన్నీ ఒక్కసారిగా నా మీద పడ్డాయి. అక్కడే ఉన్న రాయి మీద కూర్చున్నాను. ఆ చెవులను తిన్నది నా మిషన్లు. ముప్పై ఏళ్ళు.

"ఎందుకు చెప్పలే ప్రభూ?" అన్నాను. అప్పుడు కూడా నా నోటికి తప్పు అతనిదన్న మాటే వచ్చింది.

అతను నా పెదవులు చూసి అర్థం చేసుకున్నాడు. "ఏమని చెప్పాలె మల్లన్నా? చెవులు పోయినోన్ని బండలు ఏరెతందుకు ఎవడు పెట్టుకుంటడు? నువ్వు తాగినోడన్నవు. గదే మేలనిపించింది. తాగినోడు పొద్దుగాలకు మంచిగైతడు. చెవిటోడు పొద్దుగాల సుత చెవిటోడే."

వార్తాన్ ఏమీ అర్థం కాకపోయినా అన్నీ అర్థమైనట్టు మా ఇద్దరి భుజాల మీదా చేతులు వేసి కాఫీ తాగించాడు. చిక్కటి కాఫీ, అడుగున బురదలా మడ్డి. నేను మడ్డితో సహా మింగేశాను.

తిరుగు బస్సు

సాయంత్రపు ఎండలో అరగాట్స్ కొండ నాలుగు శిఖరాల మంచుతో కిటికీ పక్కనే మాతో పాటు వస్తోంది. బస్సులో ఇంజన్ రొద, రేడియోలో పాట, వెనక సీట్లో గంపలో కోడి. ప్రభుదాసు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను మామూలు గొంతుతో, "నాదే తప్పు" అన్నాను. కదల్లేదు. కొంచెం పెంచి మళ్ళీ అన్నాను. కొండనే చూస్తున్నాడు. భుజం తట్టి చెప్పొచ్చు, ఫోన్లో రాసి చూపించొచ్చు. అలా చేస్తే సరిపోదనిపించింది. నలుగురి ముందు అన్న మాట, నలుగురి ముందే తీసుకోవాలి.

ఊపిరి నిండా పీల్చి అరిచాను. "ప్రభూ, ఆ దినం నేను తప్పు మాట్లాడిన. నన్ను మాఫ్ చెయ్యి."

బస్సంతా తిరిగి చూసింది. కోడి రెక్కలు కొట్టుకుంది. ముందు సీటు ముసలాయన మంచినీళ్ళ సీసా అందించాడు. డ్రైవరు మేం కొట్టుకుంటున్నామనుకుని బస్సును రోడ్డు పక్కకు తీసి ఆపేశాడు. రేడియో కట్టేశాడు. ఇంజన్ కూడా.

ఎంత నిశ్శబ్దమో. బయట గడ్డి మీద గాలి తిరుగుతున్నది కూడా వినబడుతోంది.

ప్రభుదాసు నెమ్మదిగా నా వైపు తిరిగాడు. "ఆ దినం నువ్వన్నది నాకు ఇనవడ్డది" అన్నాడు. "మిషన్లన్ని బందు వెట్టించి అంటివి గద. అందుకే మంచిగ ఇనవడ్డది. దాని తర్వాత గంత సాఫ్‌గ మల్ల ఏ మాట ఇనవడలే."

నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. అతను నా మోకాలు మీద చెయ్యి వేశాడు.

"ఇప్పుడు సుత అన్ని బందున్నయి. చెప్పు" అన్నాడు.

డ్రైవరు, ముసలాయన, కోడి గంప ఆవిడ, ఒక్క ముక్క తెలుగు రాని పదిహేనుమంది మనుషులు చూస్తుండగా మళ్ళీ చెప్పాను. ఒక్కో మాట విడివిడిగా, గట్టిగా, అతని కళ్ళలోకి చూస్తూ. నువ్వు తాగలేదు. తప్పు చెయ్యలేదు. నా మిషన్లు నీ చెవులు తీసుకున్నయి, నేను నీ మర్యాద తీసుకున్న. నువ్వు లేకుంటే నాకు మంచిగ లేదు.

అతను చివరిదాకా విన్నాడు. విని, తువ్వాలతో నా ముఖం తుడిచాడు.

"సరె, ఇనవడ్డది" అన్నాడు. "ఇగ బస్సు పోనియ్యమను. అందరు మన దిక్కే చూస్తున్నరు."